ఎక్స్-రే పల్సార్ (తోడు తార పదార్థాన్ని లాక్కుంటూ, తన చుట్టూ తాను తిరుగుతూ ఎక్స్-రే పల్స్‌లు పంపే న్యూట్రాన్ తార) విజృంభణలో, అంటే ఉన్నట్టుండి బాగా ప్రకాశించే దశలో, పల్స్ కాలం రోజురోజుకూ మారితే, దాని భ్రమణం నిజంగా వేగం పుంజుకున్నట్టేనా?

వెంటనే అలా తేల్చకూడదు. ఆ మార్పులో పెద్ద వాటా డాప్లర్ ప్రభావానిదే కావచ్చు: కక్ష్యలో తార మన వైపు వస్తుంటే పల్స్ కాలం తగ్గినట్టు, దూరం పోతుంటే పెరిగినట్టు కనిపిస్తుంది. 4యూ 0115+63 అనే పల్సార్‌ను చూడండి: భ్రమణ కాలం 3.61 సెకన్లు, కక్ష్యా కాలం 24.3 రోజులు, మన దృష్టిరేఖ వెంట కక్ష్య వ్యాసార్ధం సుమారు 140 కాంతి సెకన్లు. ఈ కదలికే పల్స్ కాలాన్ని దాదాపు 1.5 మిల్లీసెకన్లు అటూఇటూ జరుపుతుంది. అసలు వేగవృద్ధి సెకనుకు 10⁻¹¹ హెర్ట్జ్ అనుకుంటే, రోజుకు వచ్చే తేడా 11 మైక్రోసెకన్లే!

అందుకే ముందు ఫోటాన్ల రాక సమయాలను సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి మార్చాలి (భూకక్ష్య వల్లే 500 సెకన్ల దాకా తేడా ఉంటుంది). తర్వాత తోడు తారతో కలిసి తిరిగే జంట కక్ష్య ప్రభావాన్ని సరిదిద్దాలి, ఆపైనే మడత పెట్టి (ఒక కాలాన్ని ఊహించి, పల్స్‌లన్నిటినీ దాని ప్రకారం ఒకదానిపై ఒకటి పేర్చి) కాలం వెతకాలి. కక్ష్యా విలువలు పాతవైతే, మిగిలిన తేడాలు సరిగ్గా 24.3 రోజులకోసారి ఊగుతాయి. ఆ ఊపు కనిపిస్తే వేగవృద్ధి లెక్కను నమ్మకండి.

ఇంకో ఉచ్చు పల్స్ ఆకారం. ప్రకాశం సెకనుకు 10³⁷ ఎర్గుల ప్రాంతం దాటితే ధ్రువం మీద పడే పదార్థం షాక్‌లో ఆగి, కాంతి పక్కలకు చిమ్ముతుంది. పల్స్ శిఖరం జరిగి, ఫేజ్ (భ్రమణంలో పల్స్ వచ్చే స్థానం) మారినట్టు భ్రమ పుడుతుంది. ఒకే శక్తి పట్టీలో, ఆకారం నిలకడగా ఉన్న రోజులనే పోల్చండి.

వర్ణపటంలో దాదాపు 12 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గరి సైక్లోట్రాన్ గీత (బలమైన అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్ల వల్ల ఏర్పడే గీత) ఆ క్షేత్రాన్ని చెబుతుంది: గురుత్వ రెడ్‌షిఫ్ట్ (తార గురుత్వం వల్ల కాంతి శక్తి తగ్గడం) 0.3 అనుకుంటే సుమారు 1.3×10¹² గాస్. అయితే నిరంతర వర్ణపటానికి తప్పు నమూనా ఎంచుకుంటే ఈ గీత కూడా జరిగిపోతుంది.