కార్చిచ్చు తర్వాత కేనియన్‌లో కాపురం: పెద్దమ్మ ఉత్తరం

నాన్నా,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఇల్లు మిగిలింది, అంతకంటే ఏం కావాలి. కోడలు అప్పుడే డెక్ కడిగేసి కుండీలు సర్దుకుంది, బావుంది. కానీ నేను ఆ ఫొటోల్లో ఇంటిని తక్కువ చూసి ఇంటి వెనక కొండని ఎక్కువ చూశాను. పైదాకా నల్లగా ఉంది కదా. ఇకనుంచి రెండు మూడేళ్లు నువ్వు కూడా పొద్దున్నే లేచి ముందు ఆ కొండనే చూడాలి. ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఆ మాట చెప్పడానికే.

మేము కొలరాడోలో ఈ పూడర్ కేనియన్‌లో, అంటే పూడర్ నది పారే ఇరుకు కొండలోయలో, రెండు పెద్ద కార్చిచ్చులు చూసినవాళ్లం. 2012 జూన్‌లో పిడుగు పడి రేగిన హై పార్క్ మంట 87 వేల ఎకరాలు కాల్చింది, 259 ఇళ్లు పోయాయి. 2020 ఆగస్టు 13న మొదలైన కామెరన్ పీక్ మంట డిసెంబర్ 2 దాకా పూర్తిగా అదుపులోకి రాలేదు, 2 లక్షల 8 వేల ఎకరాలు దాటింది, కొలరాడోలో ఇప్పటిదాకా అంత పెద్దది ఇంకోటి లేదు. 2024 జులై 29న మీ వైపు మొదలైన అలెగ్జాండర్ మౌంటెన్ మంట 9,668 ఎకరాలు. వాటి పక్కన పెడితే చిన్నదే అని మీ పెదనాన్న కూడా అన్నారు. నీకు ఆ లెక్కతో పని లేదు నాన్నా. నీ క్యాబిన్ పైనున్న వాలు కాలిందా లేదా, అంతే. అది కాలింది.

ఒక చెంబుడు నీళ్లు తీసుకుని ఇంటి వెనక పైకి కొంచెం ఎక్కు. నల్లగా ఉన్నచోట పైన బూడిద, మసి పక్కకి తోసేసి, కింద మట్టి మీద నెమ్మదిగా పొయ్యి. ఇంకకుండా చేమాకు మీద బొట్లలాగా గుండ్రంగా నిలబడి కిందికి దొర్లిపోతే నేను చెప్పేది నీకే అర్థమవుతుంది. పైన్ ఆకుల్లో, రాలిన చెత్తలో ఉండే మైనం లాంటి పదార్థం మంట వేడికి ఆవిరై కిందికి దిగి, చల్లటి మట్టి తగలగానే అక్కడే పేరుకుపోతుంది. దాంతో వాన పడితే నేల తాగదు, పట్టి ఆపడానికి గడ్డీ లేదు, వేళ్లూ లేవు, మొత్తం ఒకేసారి వాగులోకి దిగుతుంది. ఉత్త నీళ్లయితే ఫరవాలేదు, అది బూడిదనీ మట్టినీ కాలిన మొద్దుల్నీ బండరాళ్లనీ కలుపుకుని వస్తుంది. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని వాన, గంటలోపు ఒక అర అంగుళం, కాలిన కొండ మీద చాలు.

2021 జులై 20 సాయంత్రం మా కేనియన్‌లో బ్లాక్ హాలో అనే పక్కవాగులో జరిగింది అదే. కామెరన్ పీక్ మంట ఆరి ఎనిమిది నెలలు కూడా కాలేదు. మంటకి తట్టుకుని నిలబడ్డ ఇళ్లు ఆ బురదలో కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. పూడర్ నది చాలా దూరం ఇళ్ల చెక్కలతో, మొద్దులతో నిండిపోయింది. అందుకే ఎవరైనా "మంట అయిపోయింది, ఇంక టెన్షన్ లేదు" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

కాబట్టి జులై, ఆగస్టు నెలలు జాగ్రత్త. ఇక్కడ మాన్‌సూన్ మన ఊళ్లోలాగా ముసురు పట్టదు. పొద్దున ఆకాశం నీలంగా ఉంటుంది, మధ్యాహ్నానికి కొండ వెనక మబ్బు లేస్తుంది, సాయంత్రానికి కుమ్మేసి పోతుంది. నీ ఇంటి మీద చుక్క పడకపోయినా పైన పడితే చాలు. వాతావరణ శాఖవాళ్లు ఫ్లాష్ ఫ్లడ్ (ఉన్నట్టుండి వచ్చే వరద) వాచ్ అని ఇచ్చారంటే రావచ్చు అని, వార్నింగ్ అంటే వచ్చేస్తోంది అని. నువ్వు వాచ్ ఇచ్చినప్పుడే బయల్దేరాలి. కింద లవ్‌లాండ్ ఊళ్లో నీ ఫ్రెండ్ ఇంట్లో ఒక గది మాట్లాడి పెట్టుకో, ఆ రాత్రికి అక్కడ పడుకో, ఏమీ రాకపోతే పొద్దున్నే నవ్వుకుంటూ తిరిగి రా. వార్నింగ్ దాకా ఆగితే రోడ్డు ఉంటుందో ఉండదో. కేనియన్‌లో ఫోన్ సిగ్నల్ సంగతి నీకు తెలిసిందే, ఫోన్‌ని నమ్ముకోకు. బ్యాటరీతో నడిచే, వాతావరణ హెచ్చరికలు చెప్పే వెదర్ రేడియో కొని, మీ ఇంట్లో ఏ మూల పెడితే సరిగ్గా పలుకుతుందో ఇప్పుడే చూసుకో. కౌంటీ ఎమర్జెన్సీ అలర్ట్స్‌లో నీ నంబరూ కోడలి నంబరూ రెండూ నమోదు చెయ్యి.

ఇంట్లో ఉండగా పైనుంచి రైలు వస్తున్నట్టు మోత వినిపించినా, వాగు నీళ్లు ఉన్నట్టుండి నల్లబడినా, తగ్గిపోయినా, కారు తాళాల కోసం వెతకొద్దు. కాళ్లతో పక్క గట్టు ఎక్కెయ్యండి. మీ హైవే 34 పొడుగునా వరద వస్తే పైకి ఎక్కండి అని బోర్డులు ఉంటాయి, రోజూ చూసే ఉంటావు. ఆ బోర్డులు ఊరికే పెట్టినవి కావు. 1976 జులై 31 రాత్రి మీ కేనియన్‌లోని బిగ్ థాంప్సన్ నది వరదలో 144 మంది పోయారు, వాళ్లలో చాలామంది కార్లలో కేనియన్ దాటేద్దామని చూసినవాళ్లే. అప్పుడు కొండ కాలి కూడా లేదు, ఉత్త వానే. మీ ఇంటి పక్కనుంచి ఏ దారిన ఎక్కాలో ఒకసారి పగలు, ఒకసారి టార్చ్ వేసుకుని రాత్రి ఎక్కి చూడండి. చెప్పులు తలుపు దగ్గరే ఉండాలి. పడక కింది గదిలోంచి మార్చెయ్యి, వాగు వైపు కిటికీ ఉన్న ఆ గదిలో ఈ రెండు వేసవులూ ఎవరూ పడుకోవద్దు.

ఇన్సూరెన్స్ సంగతి ఈ వారమే చూడు, ఇది వాయిదా వేసేది కాదు. నీ ఇంటి పాలసీలో మంట, పొగ ఉంటాయి, వరద ఉండదు. ఫ్లడ్ ఇన్సూరెన్స్ వేరే తీసుకోవాలి, ప్రభుత్వ పథకంలో తీసుకుంటే మామూలుగా 30 రోజులు ఆగితే గానీ అమల్లోకి రాదు. జూన్ చివర్లో గుర్తొస్తే జులై మొత్తం పోతుంది. బురదవరద అందులో వస్తుంది గానీ కొండచరియ విరిగిపడితే రాదు, ఈ తేడా ఏజెంట్‌తో కాగితం మీద రాయించుకో. ఇంట్లో కమురు వాసన పోలేదని కోడలు రాసింది, ఆ పొగ నష్టానికి ఇంటి పాలసీలోనే క్లెయిమ్ వెయ్యి. అటకలో దూదిలాంటి ఇన్సులేషన్ పొగ పీల్చేసుకుని ఉంటుంది, గోడలు ఎన్నిసార్లు తుడిచినా వాసన అక్కణ్నుంచే వస్తూ ఉంటుంది. అటక కూడా చూడమని అడుగు, వాళ్లంతట వాళ్లు ఎక్కి చూడరు.

బూడిద పొడిగా ఊడవకండి. తడి గుడ్డ, ఎన్95 మాస్కు, సన్నటి దుమ్ము పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్. లీఫ్ బ్లోయర్ అసలు తియ్యొద్దు.

బావి నీళ్లు పరీక్ష చేయించేదాకా తాగొద్దు, వంటకీ వద్దు. బోరు తలకాయ దగ్గర ప్లాస్టిక్ పైపు వేడికి మెత్తబడి ఉంటే బ్యాక్టీరియా ఒక్కటే కాదు, బెంజీన్ లాంటి విష రసాయనాలు కూడా నీళ్లలోకి దిగుతాయి, వాటికి కాచడం పరిష్కారం కాదు. కాబట్టి ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు రెండు పరీక్షలూ అడగాలి. ప్రొపేన్ గ్యాస్ ట్యాంకు రంగు పొంగినా, మాడినా, సప్లయర్ వచ్చి చూసేదాకా వాల్వు ముట్టుకోవద్దు.

చెట్ల గురించి కొంచెం ఓపిగ్గా చదువు, ఎందుకంటే ఇక్కడ అందరూ తొందరపడతారు. నల్లగా నిలబడి ఉన్న చెట్లు గాలి లేకుండా కూడా పడతాయి, చప్పుడు కూడా చెయ్యవు. ఇంటి మీదికీ, దారి మీదికీ, కారు పెట్టేచోటికీ అందే ఎత్తున్నవి తెలిసినవాళ్ల చేత కొట్టించెయ్యి, నువ్వు చైన్‌సా పట్టొద్దు. పొయ్యిలో కాల్చిన కర్రకీ నిలబడి కాలిన చెట్టుకీ చాలా తేడా ఉంది, లోపల బోలుగా ఉంటుంది, ఎటు పడుతుందో చెప్పలేం. నడిచేటప్పుడు మోడుల చుట్టూ జాగ్రత్త, నేల కింద వేరు మొత్తం కాలిపోయి పైన పెంకులా మట్టి ఉంటుంది, కాలు వేస్తే తొడదాకా దిగుతుంది. కొట్టిన మొద్దుల్ని మాత్రం అమ్మెయ్యకు, వాలుకి అడ్డంగా, నేలకి ఆనేట్టు కొంచెం గాడి తీసి పరిపించు. వాటి వెనక మట్టి ఆగుతుంది, మట్టి ఆగినచోట గడ్డి లేస్తుంది. దూరంగా ఉన్న చెట్లలో సగం మాడి సగం పచ్చగా ఉన్న పొన్డరోసా పైన్లు ఉంటాయి. వాటిని ఈ ఏడాది కొట్టకు. దాని బెరడు దళసరి, కింద కాలినా పై కొమ్మల్లో మొగ్గ బతికి ఉంటే చెట్టు బతుకుతుంది. అప్పటిదాకా బెరడు పురుగు పట్టకుండా కనిపెట్టుకుని ఉండు, జిగురు కారి బెరడు మీద ఎర్రటి పొట్టు కనిపిస్తే అది పట్టినట్టే.

ఆస్పెన్ చెట్లు నాటాల్సిన పని లేదు, కింద వేళ్లు బతికి ఉంటే అదే గుంపులుగా లేస్తుంది. కాకపోతే ఎల్క్‌లు (ఇక్కడి పెద్ద దుప్పులు) ఆ చిగుళ్లు తినిపోతాయి, ఇంటి దగ్గర నాలుగు మొక్కలకి కంచె కట్టుకుంటే చాలు. పచ్చగా కనిపించిందల్లా మంచిదనుకోవద్దు. చీట్‌గ్రాస్ అని ఒకటి కాలిన నేలలో అందరికంటే ముందు మొలుస్తుంది, జూన్‌కల్లా ఎండి అగ్గిపుల్లల కట్టలా తయారవుతుంది. గింజ రాలకముందే పీకించు. కాలినచోట మళ్లీ కాలదు అనే మాట ఎవరు చెప్పినా నమ్మకు. ఇంటి చుట్టూ అయిదడుగుల దాకా కట్టెలు, ఎండాకులు, ప్లాస్టిక్ కుర్చీలు ఏవీ ఉండకూడదు, డెక్ కింద కూడా. కట్టెల గుట్ట ముప్పై అడుగుల దూరం.

మీ దారి కింద కల్వర్టు సన్నగా ఉంది, ఫొటోలో చూశాను. ఒక్క మొద్దు అడ్డం పడితే మూసుకుపోయి నీళ్లన్నీ దారి మీదుగా మీ ఇంటివైపు తిరుగుతాయి. పెద్దది వేయించడానికి పొరుగువాళ్లు కూడా డబ్బు కలపాలి. ఆ మాట నువ్వే ఎత్తు.

పొరుగువాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. మీ వీధిలో ఇల్లు పోయినవాళ్లు ఉన్నారు, నీది ఉంది. నీకు కనిపించినప్పుడల్లా ఏం మాట్లాడాలో తోచక తల దించుకుని వెళ్లిపోకు, వాళ్లు దాన్ని వేరేగా అనుకుంటారు. "మీకు ఇన్సూరెన్స్ వచ్చుంటుందిగా" అని మాత్రం పొరపాటున కూడా అనకు. బూడిద జల్లెడ పట్టుకుని ఏదైనా దొరుకుతుందేమో అని చూస్తూంటారు, ఆ పక్కన కూర్చుని నువ్వూ ఒక జల్లెడ పట్టు. మీ బాత్‌రూమ్ వాడుకోమను, ఫ్రిజ్‌లో చోటివ్వు. మంట తర్వాత మొదటి నెలలో అందరూ వండిన క్యాసరోల్ గిన్నెలు మోసుకొస్తారు, మళ్లీ ఏడాదికి ఎవరూ రారు, పర్మిట్లు రాక, బిల్డర్ దొరక్క వాళ్లు నిజంగా కుంగిపోయేది అప్పుడే. కోడలి పులిహోర అప్పుడు తీసుకెళ్లండి. ఇంకోటి, వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేరు. పైపు పట్టుకోకపోయినా ఫర్వాలేదు, లెక్కలు రాసేవాళ్లు, రేడియో చూసేవాళ్లు కూడా కావాలి వాళ్లకి.

అమ్మేసి డెన్వర్‌లో అపార్ట్‌మెంట్ తీసుకో అని మీ మావయ్య అంటున్నాడట. నా మాట అడిగావు కాబట్టి చెప్తున్నా, ఈ ఏడాది అమ్మకు, ఈ ఏడాది కొత్తగా కట్టకు కూడా. రెండు మాన్‌సూన్లు చూడు. వాగు ఎటు తిరుగుతుందో, ఎంత మట్టి తెస్తుందో చూశాక నీకే తెలుస్తుంది. ఆ చోటు మంచిది కాదని వాగే చెబితే మారు మాట్లాడకుండా దిగిపో. నీ ఇల్లు నాకు ఇష్టమే, నువ్వూ కోడలూ అంతకంటే ఇష్టం.

మీ అమ్మ జూన్‌లో వస్తానంటోంది, ఆరు నెలలు ఉంటుందిట. ఆవిడకి ఆయాసం ఉంది, మోకాళ్లు వంగవు, ఆ గట్టు ఎక్కలేదు. టికెట్ సెప్టెంబర్ చివరికి మార్పించు, డేట్ మార్చడానికి కట్టే డబ్బు నేనిస్తాను. కుదరకపోతే జులై, ఆగస్టు మా దగ్గర ఫోర్ట్ కాలిన్స్ ఇంట్లో ఉంచుకుంటాను, నేను మాట్లాడతాను చెల్లితో, నువ్వు చెప్తే వినదు. మీ పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, మందులు, కళ్లజోళ్లు ఒక సంచిలో పెట్టి కారులోనే ఉంచండి. మే మొదటి శనివారం మీ పెదనాన్న, నేను వస్తున్నాం, కల్వర్టు కొలతలు ఆయన తీసుకుంటారు. రేడియో కొని ఉంచు, ఎక్కడ పలుకుతుందో ఆ రోజు చూద్దాం.

పెద్దమ్మ