బీడీ మానని మనిషికి బీటా కెరోటిన్ వద్దు

ప్రశ్న: మావారికి 62 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. గుండెకు స్టెంట్ వేశాక ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. బీడీలు మానేశానంటారు గానీ రోజుకు నాలుగైదు కాలుస్తూనే ఉన్నారు. డల్లాస్‌లో ఉండే మా అబ్బాయి మొన్న వచ్చినప్పుడు యాంటీఆక్సిడెంట్ డబ్బాలు తెచ్చాడు. బీటా కెరోటిన్ 25,000 ఐయూ, విటమిన్ ఇ 400 ఐయూ, విటమిన్ సి 1000 మిల్లీగ్రాములు. పొగ వల్ల పాడైంది ఇవి బాగుచేస్తాయని చెప్పి వెళ్లాడు. ఈమధ్య పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోంది. అంతకుముందు ఒకసారి కిడ్నీలో రాయి కూడా పడింది. ఇవి వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు చేయాల్సింది చెబుతాను, కారణాలు తర్వాత. బీటా కెరోటిన్ (క్యారెట్ లాంటి కూరల్లో ఉండే రంగు పదార్థం), విటమిన్ ఇ ఈ రోజే ఆపించండి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ మాత్రం మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపొద్దు. నెత్తురు చూసి కంగారుపడి గుండె మాత్రలు మానేసి, బలం బిళ్లలు మాత్రం వేసుకుంటూ వచ్చినవాళ్లు నాకు తెలుసు. అలా ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టి ప్రాణం మీదికి వస్తుంది. చిగుళ్ల సంగతి ఈ వారంలోనే గుండె డాక్టరుకు చెప్పండి, డబ్బాలు కూడా పట్టుకెళ్లండి.

ఇక మీ అబ్బాయి అన్న మాట. ఒకప్పుడు పెద్ద పెద్ద పరిశోధకులూ అలాగే అనుకున్నారు. కూరగాయలు, పండ్లు బాగా తినేవాళ్ల రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువ, ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ. అయితే మాత్రగా ఇచ్చి చూద్దామని ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద పరీక్ష పెట్టారు. కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్. 1994లో ఫలితాలు వచ్చాయి. ఆ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. అప్పటికే అమెరికాలో ఇంకో పరీక్ష జరుగుతోంది. పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్బెస్టాస్‌తో పనిచేసినవాళ్లు అందులో ఉన్నారు. బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువ కనిపించడంతో 1996 జనవరిలో గడువుకు 21 నెలల ముందే ఆపేశారు.

మీవారి బిళ్లలో ఉన్న 25,000 ఐయూ అంటే సుమారు 15 మిల్లీగ్రాములు. ఆ మోతాదుకు దూరమేమీ కాదు. పొగ నిండిన ఊపిరితిత్తుల్లో బీటా కెరోటిన్ తానే విరిగి, హాని చేసే పదార్థాలుగా మారుతుందని ఒక వివరణ ఉంది. మీరు మరీ టెన్షన్ పడకండి. ఫిన్లాండ్‌లో మాత్రలు ఆపాక ఆ అదనపు ప్రమాదం కొన్నేళ్లలో పోయింది. క్యారెట్, మునగాకు, తోటకూర హాయిగా వండిపెట్టండి, ఈ గొడవ కూరలతో రాదు.

విటమిన్ ఇ విషయం. ఇది రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంత తగ్గిస్తుంది. గుండె మాత్రలు రెండూ చేసే పని అదే కాబట్టి మూడోది తోడైతే నెత్తురు కారే ప్రమాదం పెరగొచ్చు. పైగా 35 వేల మందికి పైగా మగవాళ్లతో జరిగిన అమెరికా పరీక్షలో, రోజూ ఇదే 400 ఐయూ తీసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది.

విటమిన్ సి ఎక్కువైతే కొంత ఆక్సలేట్‌గా (చాలా కిడ్నీ రాళ్లలో ఉండే పదార్థం) మారి మూత్రంలోకి పోతుంది. రాయి పడిన మనిషికి 1000 మిల్లీగ్రాముల బిళ్ల దేనికమ్మా? మగవాళ్లకు రోజుకు 80 చాలు, ఒక జాంకాయలో అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఈ పేజీ ఫోటో తీసి మీ అబ్బాయికి పంపండి. కోప్పడకండి, ప్రేమతోనే తెచ్చాడు. ఆ డబ్బుతో, ఆ పట్టుదలతో నాన్నగారి చేత బీడీ మాన్పించమనండి. నికోటిన్ గమ్, కౌన్సెలింగ్ వంటివి ఉన్నాయి, డాక్టరునే అడగొచ్చు. పొగ చేసిన నష్టం తగ్గించేది అదొక్కటే.

ప్రశ్న: అమ్మకు రొమ్ము క్యాన్సర్, కీమో నడుస్తోంది. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ యాంటీఆక్సిడెంట్ అని, నీరసం పోతుందని పక్కింటివాళ్లు ఇచ్చారు. వెయ్యమంటారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు బాబూ. కొన్ని కీమో మందులు, రేడియేషన్ క్యాన్సర్ కణాలను చంపేదే ఆక్సీకరణతో. ఆ సమయంలో ఆక్సీకరణను అడ్డుకునే యాంటీఆక్సిడెంట్ బిళ్లలు చికిత్సకే అడ్డుపడొచ్చన్న భయం ఉంది. మిరియాల సారం పసుపును శరీరం ఎక్కువగా పీల్చుకునేలా చేస్తుంది, అలాంటి క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులు ఇటలీ, ఆస్ట్రేలియాల్లో నమోదయ్యాయి. లివర్ పరీక్ష తేడాగా వస్తే అమ్మ తర్వాతి కీమో వాయిదా పడొచ్చు. పప్పులో వేసే పసుపుతో ఇబ్బంది లేదు. ఇప్పటికే వేసి ఉంటే దాచకుండా సీసా తీసుకెళ్లి క్యాన్సర్ డాక్టరుకు చూపించండి. నీరసానికి రక్తం తగ్గడం కూడా కారణం కావచ్చు, హిమోగ్లోబిన్ ఎంతుందో అప్పుడే అడగండి.