ఒపాసిటీ కాదు, ఫిల్ తగ్గించండి

కాకతీయ కళాతోరణం ఫొటో మీద పెద్ద అక్షరాలతో పేరు రావాలి, అక్షరాల లోపల నుంచి తోరణం కనపడాలి, ఫొటోషాప్‌లో ఒపాసిటీ తగ్గిస్తుంటే అంచు గీత కూడా వెలిసిపోతోంది అని ఒకరు అడిగారు. వెలిసిపోతుంది మరి. ఒపాసిటీ లేయర్‌ను (అక్షరాలు ఉన్న విడి పొరను), దాని మీద వేసిన అంచు గీత, నీడ లాంటి స్టైల్స్‌ను కలిపి పలచన చేస్తుంది. దాన్ని 100 దగ్గరే వదిలేసి, లేయర్స్ ప్యానెల్‌లో దాని కిందే ఉన్న ఫిల్‌ను సున్నా చేయండి. అక్షరం రంగు పోతుంది, స్ట్రోక్ (అంచు గీత), డ్రాప్ షాడో (నీడ) అలాగే ఉంటాయి.

హన్మకొండలో ఫ్లెక్స్ డిజైనింగ్ చేస్తాను. బతుకమ్మ, మేడారం జాతర సీజన్లలో ఇదే పని. దేవత ఫొటో కప్పకూడదు, పేరు మాత్రం రోడ్డు అవతల నుంచి చదవగలగాలి (ఫ్లెక్స్ కట్టించేవాళ్లకు రెండోదే ముఖ్యం లెండి).

అసలు తేడా నీడ దగ్గర వస్తుంది. ఫిల్ సున్నా చేశాక నీడ అక్షరం బయటే కనపడుతుంది, లోపలికి రాదు. డ్రాప్ షాడో సెట్టింగుల్లో అడుగున ‘లేయర్ నాక్స్ అవుట్ డ్రాప్ షాడో’ అనే టిక్ ముందే పెట్టి ఉండటమే కారణం. అది తీసేస్తే నీడ లోపల కూడా పరుచుకుంటుంది. తోరణం నల్లరాయి మీద అక్షరం పడితే నేను టిక్ ఉంచేస్తాను. వెనక తెల్లటి ఆకాశం ఉంటే తీసేస్తాను. లోపల కాస్త మసక వచ్చి అక్షరం తేలుతుంది.

స్ట్రోక్‌ను ఔట్‌సైడ్ పెడితే వత్తుకూ అక్షరానికీ మధ్య సందు మూసుకుపోతుంది. ఇన్‌సైడ్ పెడితే సన్న ఫాంట్లలో ఖాళీయే మిగలదు. కాబట్టి లావు ఫాంట్ తీసుకుని ఇన్‌సైడ్ పెట్టడం మేలు.

చిన్న సైజులో చేసి తర్వాత పెంచేటట్లయితే ఇమేజ్ సైజ్‌లో ‘స్కేల్ స్టైల్స్’ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఫొటో పెరుగుతుంది, స్ట్రోక్ మాత్రం అన్నే పిక్సెళ్లు ఉండి దారంలా కనపడుతుంది. వేరే ఫైల్‌లోకి లాగిన లేయర్‌కైతే లేయర్ స్టైల్ మెనూలో ‘స్కేల్ ఎఫెక్ట్స్’ వాడాలి.

పేరు ఒక్కటే విడిగా పంపాలంటే పీఎన్‌జీలో సేవ్ చేయండి. జేపీజీలో పారదర్శకత నిలవదు.

ఫిల్ సున్నా చేశాక కూడా లోపల రంగు కనపడుతుంటే కలర్ ఓవర్‌లే (అక్షరం మీద రంగు పరిచేది) ఆన్‌లో ఉందేమో చూడండి. అదీ స్టైలే, మామూలుగా ఫిల్‌కు తగ్గదు.