చందా ఆపేసిన రోజు మీ ఎడిటింగ్‌లో ఏం మిగులుతుంది?

మీ దగ్గర అడోబీ ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ 6 శాశ్వత లైసెన్స్ (ఒక్కసారి కొనుక్కున్నది) ఉంది, కొత్త కెమెరా రా ఫైళ్ళు (సెన్సర్ నుంచి వచ్చిన ముడి ఫోటోలు) అందులో తెరుచుకోవట్లేదు. చందా ప్లాన్‌కు మారితే, ఎప్పుడైనా మానేసినప్పుడు ఫోటోలు ఇరుక్కుపోతాయా అని మీ అనుమానం. ఫోటోలు ఎక్కడికీ పోవు. ఇరుక్కునేది వాటి మీద మీరు పెట్టిన పని. మారే ముందు తేల్చుకోవాల్సింది నెలకు ఎంత అని మాత్రమే కాదు, మానేసిన రోజు ఆ పనిలో ఎంత బయటికి తెచ్చుకోగలరు అని.

రా ఫైలును లైట్‌రూమ్ ముట్టుకోదు. ఎక్స్‌పోజర్ ఎంత పెంచారు, ఎక్కడ క్రాప్ చేశారు, ఏ మాస్క్ (ఫోటోలో ఒక భాగానికే మార్పు) వేశారు అన్నవన్నీ క్యాటలాగ్‌లో సూచనలుగా ఉంటాయి. క్యాటలాగ్ అంటే మీ డిస్కులోనే ఉండే ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్. డేటా మీదే, కానీ ఆ సూచనల్ని చదివి అదే బొమ్మను మళ్ళీ తయారుచేసే ఇంజిన్ అడోబీది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఫైళ్ళు మీ డిస్కులోనే ఉండే చందా వెర్షన్ లైట్‌రూమ్ క్లాసిక్. అందులో చందా ముగిశాక డెవలప్ (ఎడిట్ చేసే చోటు), మ్యాప్ మాడ్యూళ్ళు మూతపడతాయి. లైబ్రరీ మాత్రం తెరుచుకుంటుంది. ఫోటోలు వెతుక్కోవచ్చు, కీవర్డులు పెట్టుకోవచ్చు, అప్పటిదాకా చేసిన ఎడిట్లతో సహా జేపెగ్‌గానో టిఫ్‌గానో ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఫోటోషాప్ అయితే పనిచేయడమే మానేస్తుంది. క్లాసిక్ అని పేరులో లేని, క్లౌడ్ మీద నడిచే లైట్‌రూమ్ సంగతి వేరు. అందులో ఒరిజినల్ ఫైళ్ళే వాళ్ళ సర్వర్లలో ఉంటాయి, చందా ఆగాక ఏడాది పాటు ఉంచుతామని కంపెనీ చెబుతోంది. దాన్నే వాడాలనుకుంటే ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి, ఒరిజినల్స్ అన్నిటి కాపీ మీ డిస్కులో ఉంచే ఆప్షన్‌ను మొదటి రోజే ఆన్ చేయండి. నా సలహా అడిగితే మీలాంటి వాళ్ళకు క్లాసిక్కే నయం.

ఇక మీ పనిని బయటికి తెచ్చుకునే దారి ఎక్స్‌ఎంపీ, అంటే ఎడిట్లనూ కీవర్డులనూ రాసి ఉంచే ఫార్మాట్. క్లాసిక్‌లో క్యాటలాగ్ సెట్టింగ్స్ తెరిచి, మెటాడేటా ట్యాబ్‌లో మార్పులను ఆటోమేటిగ్గా ఎక్స్‌ఎంపీలో రాసే పెట్టెకు టిక్ పెట్టండి. పాత ఫోటోల కోసం లైబ్రరీ గ్రిడ్‌లో అన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్, ఎస్ నొక్కండి (మ్యాక్‌లో కమాండ్, ఎస్). ప్రతి రా ఫైలు పక్కన అదే పేరుతో ఒక చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలు తయారవుతుంది. డీఎన్‌జీ (అడోబీ రూపొందించిన రా ఫార్మాట్), జేపెగ్, టిఫ్ ఫైళ్ళకైతే ఆ సమాచారం ఫైలు లోపలికే వెళ్తుంది. అందువల్ల ఒక్క కీవర్డు మార్చినా ఫైలు మారినట్టే లెక్క, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ మళ్ళీ కాపీ చేస్తుంది. దానికి సిద్ధంగా ఉండండి.

ఎక్స్‌ఎంపీ చేశాం కాబట్టి నిశ్చింత అనుకుంటేనే దెబ్బ తింటారు. రేటింగులు, కీవర్డులు, క్యాప్షన్లు వేరే సాఫ్ట్‌వేర్లు కూడా చక్కగా చదువుతాయి. డెవలప్ సెట్టింగులు మాత్రం అడోబీ భాషలోనే ఉంటాయి. డార్క్‌టేబుల్, క్యాప్చర్ వన్ లాంటివి క్రాప్, ఎక్స్‌పోజర్ వంటి కొన్నిటిని దగ్గరదగ్గరగా తెచ్చుకుంటాయి. మాస్కులు, ఏఐతో చేసిన సెలెక్షన్లు, రంగుల తీరు అలాగే వస్తాయని ఆశ పెట్టుకోవద్దు. కలెక్షన్లు (ఫోల్డర్లతో పనిలేకుండా మీరు కట్టిన ఫోటోల గుంపులు), వర్చువల్ కాపీలు (ఒకే ఫోటోకు వేరే ఎడిట్‌తో పెట్టుకున్న రెండో రూపాలు), స్టాకులు (ఒకదాని కింద ఒకటి పేర్చిన ఫోటోలు) అసలు ఎక్స్‌ఎంపీలోకి వెళ్ళనే వెళ్ళవు. కలెక్షన్లకు ఒక ఉపాయం ఉంది: ఒక్కో కలెక్షన్ తెరిచి, అన్నీ సెలెక్ట్ చేసి, ఆ కలెక్షన్ పేరునే కీవర్డుగా తగిలించి సేవ్ చేయండి. వర్చువల్ కాపీలను ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లో ఒరిజినల్ అనే ఫార్మాట్ ఎంచుకుని వేరే ఫోల్డర్‌లోకి పంపితే, ఆ కాపీ సెట్టింగులతో రా ఫైలూ ఎక్స్‌ఎంపీ జంటగా వస్తాయి.

నిజంగా చేజారకూడని ఫోటోలకు ఒకే దారి, పూర్తయిన బొమ్మను 16 బిట్ టిఫ్‌గా దాచుకోవడం. దీనికి చోటు ఎంత పడుతుందో ముందే లెక్కేసుకోండి. 24 మెగాపిక్సెళ్ళు, పిక్సెల్‌కు 3 రంగులు, రంగుకు 2 బైట్లు: కంప్రెషన్ లేకుండా ఒక్కో ఫోటో 144 ఎంబీ. వెయ్యి ఫోటోలకు 144 జీబీ. అందుకే అన్నిటికీ టిఫ్ అక్కర్లేదు. ఐదు స్టార్లవి టిఫ్‌గా, మిగతావి ఫుల్ సైజు జేపెగ్‌గా, క్వాలిటీ 90 పెట్టి ఉంచితే చాలు. ఫోటోషాప్‌లో లేయర్లతో చేసినవాటిని పీఎస్‌డీగా సేవ్ చేసేటప్పుడు మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ ఆన్‌లో ఉంచండి. వేరే ప్రోగ్రామ్‌కు ఏదైనా లేయర్ అర్థం కాకపోయినా, కనీసం పూర్తి బొమ్మైనా కనిపిస్తుంది.

డబ్బు విషయంలో నెలకు కట్టే మొత్తాన్ని చూసి మోసపోవద్దు. ఎక్కువమంది తీసుకునేది ఏడాది ఒప్పందం, కట్టడం మాత్రం నెలనెలా. మొదటి 14 రోజులు దాటాక మధ్యలో రద్దు చేస్తే మిగిలిన నెలల మొత్తంలో సగం రుసుముగా కట్టాల్సి వచ్చే ప్లాన్ అది. ఈ రుసుమును సరిగ్గా కనబడనివ్వలేదనే ఆరోపణతోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారుల రక్షణ చూసే సంస్థ) సిఫార్సు మీద అమెరికా న్యాయశాఖ 2024 జూన్‌లో అడోబీ మీద కేసు వేసింది. కాబట్టి రెన్యువల్ తేదీకి నెల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ధర కూడా స్థిరం కాదు. 2025 జనవరిలో 20 జీబీ క్లౌడ్ స్టోరేజ్ ఉన్న ఫోటోగ్రఫీ ప్లాన్‌ను కొత్తవాళ్ళకు ఆపేశారు, పాతవాళ్ళలో నెలనెలా కట్టేవాళ్ళకు ధర పెంచారు. లెక్క ఐదేళ్ళకు వేయండి: నెల ధరను 60తో గుణించి, పక్కన ఒక్కసారి కొనే సాఫ్ట్‌వేర్ ధరతో పాటు మధ్యలో రెండు అప్‌గ్రేడ్ల ఖర్చు కలిపి పెట్టి చూడండి.

మీ చేతిలో లేని విషయాలు ఇంకా కొన్ని ఉన్నాయి. కొన్ని పాత వెర్షన్లు వాడే హక్కు ఇక మీకు లేదని 2019 మేలో అడోబీ తన చందాదారులకే లేఖలు పంపింది. అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికా ఆంక్షల పేరుతో వెనెజువెలాలోని ఖాతాలన్నీ మూసేస్తామంది, ఆ నెలాఖరుకు అనుమతి దొరికాక వెనక్కి తగ్గింది. ఇలాంటివి రోజూ జరగవు. కానీ ఖాతా మీద నడిచే సాఫ్ట్‌వేర్‌లో మీ పని ఆపే స్విచ్ ఇంకొకరి దగ్గర ఉంటుందన్న మాట మాత్రం వాస్తవం. ప్రయాణాల్లో ఇంటర్నెట్ లేకపోతే భయం లేదు, లైసెన్స్ అప్పుడప్పుడు సరిచూసుకుంటే సరిపోతుంది. బయల్దేరే ముందు ఒకసారి లాగిన్ అయి ఉండండి, కార్డు గడువు మధ్యలో తీరిపోకుండా చూసుకోండి.

అలాగని శాశ్వత లైసెన్స్ శాశ్వతమనుకోవద్దు. ఆపిల్ ఫోటో సాఫ్ట్‌వేర్ ఎపర్చర్ డబ్బు కట్టి కొన్నదే, అయినా 2014లో దాని అభివృద్ధి ఆపేశామని ప్రకటించారు, 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ క్యాటలినాలో అది నడవదు. ఫోటోలు సర్దుకునే పికాసా ఉచితం, దాన్నీ 2016లో గూగుల్ వదిలేసింది. మీ లైట్‌రూమ్ 6కి చివరి అప్‌డేట్ 6.14 వచ్చింది 2017 డిసెంబర్‌లో. ఆ తర్వాత వచ్చిన కెమెరాలను అది గుర్తుపట్టకపోవడానికి కారణం అదే.

అందుకే చందాకు వెళ్ళే ముందు ఇది ప్రయత్నించండి. అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితం. దాని ప్రిఫరెన్సెస్‌లో కంపాటిబిలిటీ దగ్గర కెమెరా రా 7.1 అండ్ లేటర్ ఎంచుకోండి, లాసీ కంప్రెషన్‌కు టిక్ లేకుండా చూడండి. కొత్త కెమెరా రా ఫైళ్ళ ఫోల్డర్‌ను డీఎన్‌జీలుగా మార్చి లైట్‌రూమ్ 6లోకి ఇంపోర్ట్ చేయండి. ఒరిజినల్ రా ఫైళ్ళను మాత్రం తీసేయొద్దు, కెమెరా కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ సాధారణంగా డీఎన్‌జీని తెరవదు. ఒక అంచె పెరుగుతుంది, నిజమే. నెలకు వంద ఫోటోలు చేసేవాళ్ళకు అది పెద్ద భారం కాదు, వారానికి వేల ఫోటోలు ఇచ్చేవాళ్ళకు మాత్రం కుదరదు. వాళ్ళకు, ఏఐ మాస్కులూ నాయిస్ తగ్గింపూ రోజూ కావాల్సినవాళ్ళకు చందా లాభమే, నేను వద్దనను. అప్పుడప్పుడు ఎడిట్ చేసేవాళ్ళైతే డీఎక్స్‌ఓ ఫోటోల్యాబ్ లాంటి ఒక్కసారి కొనేదో, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్, రాథెరపీ లాంటివో ముందు చూడాలి.

చివరికి చందాకే వెళ్ళాలని నిర్ణయించుకుంటే, అసలు క్యాటలాగ్‌తో మొదలుపెట్టకండి. ఓ 200 ఫోటోలు వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి ఏడు రోజుల ఉచిత ట్రయల్‌లో వాటితోనే పనిచేసి, పైన చెప్పిన ఎక్స్‌ఎంపీ, టిఫ్ పద్ధతులన్నీ ఆ ఏడు రోజుల్లోనే చేసి చూడండి. క్లాసిక్ పాత క్యాటలాగ్‌ను అప్‌గ్రేడ్ చేసేటప్పుడు కొత్త కాపీ తయారుచేస్తుంది, పాతది అలాగే ఉంటుంది, కానీ కొత్త క్యాటలాగ్‌ను లైట్‌రూమ్ 6 తెరవలేదు. పాత ఫోటోలను కొత్త ప్రాసెస్ వెర్షన్‌కు (ఎడిట్లను బొమ్మగా మార్చే లెక్కల కొత్త పద్ధతికి) మూకుమ్మడిగా మార్చొద్దు, రంగులూ టోన్లూ కొద్దిగా కదిలే అవకాశం ఉంది, వెనక్కి వచ్చినప్పుడు లైట్‌రూమ్ 6 వాటిని సరిగా చూపించదు. లైట్‌రూమ్ 6ను అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, రెండూ ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కన ఉండగలవు. దాని ఇన్‌స్టాలర్ ఫైలు, 6.14 అప్‌డేట్ ఫైలు, సీరియల్ నంబర్, ఈ మూడూ పాత క్యాటలాగ్‌తో పాటు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టుకున్నాకే ట్రయల్ బటన్ నొక్కండి.