విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌ను ఏం చేయాలి? మీరైతే ఏం చేస్తారు?

మీరు అడిగింది ఇదీ: 2014లో కొన్న ల్యాప్‌టాప్, 4 జీబీ రామ్, మామూలు హార్డ్ డిస్క్. విండోస్ 11 దీనికి ఎక్కదని షాపులో చెప్పేశారు. పాత సామాన్లవాడికి ఇచ్చేయాలా, లినక్స్ (విండోస్‌కి బదులుగా వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి పిల్లలకి గేమ్స్ ఆడుకోవడానికి ఇవ్వాలా?

నా సమాధానం: అమ్మేయకండి. లినక్స్ వేసుకోండి. కానీ ఇవాళే ఫార్మాట్ మాత్రం కొట్టకండి. ఈ మూడో మాట కోసమే ఇంత రాస్తున్నాను. మొదటి రెండూ ఎవరైనా చెప్తారు.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను. బ్యాంకులో గుమాస్తాగా చేరాను, ఇప్పటికీ బ్యాంకే. కంప్యూటర్లు నాకు పిచ్చి, అంతే. 1998లో నాన్నా నేనూ తెనాలి నుంచి రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీకి వెళ్ళి మొదటిది అసెంబుల్ చేయించుకున్నాం. 233 మెగాహెర్ట్జ్ పెంటియం, 32 ఎంబీ రామ్. తిరుగు ప్రయాణంలో మానిటర్ పెట్టెను కాళ్ళ మధ్య పెట్టుకుని రాత్రంతా కూర్చున్నాను. టీసీ వచ్చి "టీవీనా?" అని అడిగాడు. నాన్న గొప్పగా "కంప్యూటర్" అన్నారు. ఆయన తెలుగు పండితుడు. రిటైరయ్యాక శతకం రాసుకుంటానని, దానికోసమే కంప్యూటర్ అని అమ్మకి చెప్పి ఒప్పించారు. నిజానికి గోల పెట్టింది నేను.

ముందు మీ ల్యాప్‌టాప్ సంగతి చూద్దాం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న ఇళ్ళవాళ్ళకి సెక్యూరిటీ అప్‌డేట్ల గడువు 2026 అక్టోబరు 13 వరకు ఇచ్చారు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి ఉండాలి. ఆ తరం మార్కెట్లోకి వచ్చిందే 2017లో. కాబట్టి షాపులో మీకు చెప్పింది నిజమే. దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులున్నాయి, నేను కూడా ఒకసారి ఎక్కించాను. కానీ తర్వాత అప్‌డేట్ వచ్చినప్పుడల్లా టెన్షన్. ఇంట్లో బ్యాంకు పనులు చేసుకునే మెషీన్‌లో అలాంటిది వద్దు.

మీ ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉందంటే తప్పు ప్రాసెసర్‌ది కాకపోవచ్చు, హార్డ్ డిస్క్‌ది. లోపల ఒక పళ్ళెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటుంది, ఒక చెయ్యి దానిమీద అటూ ఇటూ కదులుతూ డేటా వెతుక్కుంటుంది. ఒక్కో వెతుకులాటకి పది పదిహేను మిల్లీసెకన్లు. ఒక ప్రోగ్రామ్ తెరవడానికి అలాంటివి వేలల్లో ఉంటాయి. ఎస్ఎస్‌డీ అంటే చిప్పుల్లోనే డేటా దాచే డిస్క్, అందులో తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు. రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ కొని పాత డిస్క్ ఉన్న చోటే బిగించండి. రెండు మూడు స్క్రూల పని. దాంతోపాటు ఇంకో 4 జీబీ రామ్ వేయండి. అయితే స్టిక్కు మీద 1.35 వోల్టులు అని ఉందో లేదో చూసుకోండి. 2014 నాటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి పాత 1.5 వోల్టుల రకం పడదు. సెకండ్ హ్యాండ్ షాపుల్లో రెండూ ఒకే డబ్బాలో పోసి ఉంచుతారు.

రామ్ వేశాక తెర నల్లగా ఉండి బీప్ బీప్ అంటే కంగారు పడకండి. స్టిక్కు తీసి, కింద బంగారు రంగులో పళ్ళలా ఉంటాయి చూడండి, వాటిని పిల్లల పెన్సిల్ రబ్బరుతో ఒకే వైపుకి మెల్లగా రుద్దండి. రబ్బరు మీద నల్లటి మరక కనిపిస్తుంది. ఆ పొట్టు ఊదేసి, క్లిప్పు టక్కుమనేదాకా మళ్ళీ పెట్టండి. సీటీసీలో మెకానిక్కులు చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. ఇరవై ఐదేళ్ళలో ఈ రబ్బరు వైద్యంతో నేను బతికించిన కంప్యూటర్లకి లెక్క లేదు. చుట్టాలిళ్ళకి వెళ్తే ఇప్పటికీ జేబులో ఒక రబ్బరు ఉంటుంది. మా ఆవిడ నవ్వుతుంది.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి, మీకు మింట్ అనే దాంట్లో తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం సరిపోతుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. డిస్క్ జోలికి పోకుండానే వైఫై, సౌండ్, బ్రైట్‌నెస్ కీలు పనిచేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది.

పిల్లల గేమ్స్ అన్నారు. గేమ్స్ అమ్మే స్టీమ్‌లో 2018 నుంచి ప్రోటాన్ అనేది ఉంది, విండోస్ గేమ్స్ చాలా వరకు లినక్స్‌లో నడిపిస్తుంది. కానీ మీ ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే కొత్త గేమ్స్ మీద ఆశలు పెట్టుకోవద్దు. వాలరెంట్ లాంటివి లినక్స్‌లో అసలే నడవవు, దాని యాంటీ చీట్ (ఆటలో మోసాలు పట్టే ప్రోగ్రామ్) విండోస్ లోపలి పొరల్లో కూర్చుంటుంది. ఈ మాట మీ అబ్బాయికి ముందే చెప్పేయండి. నేను మా మేనల్లుడికి చెప్పలేదు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు వాడికి డాస్‌బాక్స్‌లో (విండోస్‌కి ముందటి డాస్ ఆటలని ఇప్పటి మెషీన్లలో నడిపే ప్రోగ్రామ్) ప్రిన్స్ ఆఫ్ పర్షియా పెట్టిచ్చాను. 1990లో డాస్‌కి వచ్చిన ఆట. గంటలో రాకుమారిని విడిపించాలి, అంతే కథ. దాన్ని తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరిగెత్తడం, దూకడం వీడియో తీసి, ఆ బొమ్మల మీద గీసుకున్నాడు. అందుకే ఆ తెల్ల పైజామా కుర్రాడు అంచున ఆగి తూలుతుంటే ఇప్పటికీ నా గుండె జారుతుంది. మావాడు రెండు వారాల్లో పన్నెండో లెవెల్‌కి వెళ్ళాడు. అక్కడ తన నీడే ఎదురొచ్చి కత్తి దూస్తుంది. దాన్ని పొడిస్తే మన ప్రాణమే తగ్గుతుంది.

"మామయ్యా, ఇది మోసం. వాణ్ణి కొడితే నేను చస్తున్నా."

"కొట్టమని ఎవరు చెప్పార్రా? కింది బాణం నొక్కు."

కత్తి ఒరలోకి వెళ్ళింది. నీడ కూడా పెట్టేసింది. రెండూ నడిచొచ్చి ఒకటయ్యాయి. వాడు కాసేపు తెర వైపే చూస్తూ ఉండిపోయి, "ఇది ఎప్పటి గేమ్ అన్నావు?" అని అడిగాడు. (ఇరుక్కుపోతే డాస్ ప్రాంప్ట్ దగ్గర ప్రిన్స్ పక్కన మెగాహిట్ అని కొడితే చీట్ మోడ్ వస్తుంది, మొదటి వెర్షన్‌లో. సినిమా పోస్టర్ మీది మాట. వాడికి చెప్పలేదు.)

ఇక ఫార్మాట్ సంగతి.

2006లో ఉబుంటు అనే లినక్స్ రకం సీడీలు అడిగిన వాళ్ళందరికీ ఉచితంగా పోస్టులో పంపేవారు. 2011లో ఆపేశారు. మా ఇంటికి ఫారిన్ స్టాంపులతో కవరు వస్తే పోస్ట్‌మ్యాన్ కూడా ఆగి చూశాడు. అప్పటికి ఇంట్లో పెంటియం 4 ఉంది. ఆ రాత్రే సీడీ పెట్టి, ఇన్‌స్టాలర్ అడిగిన ప్రతిదానికీ ఎస్ కొట్టుకుంటూ పోయాను. డిస్క్ మొత్తం వాడుకోనా అని కూడా అడిగింది. దానికీ ఎస్ అన్నాను. ఉబుంటు బ్రహ్మాండంగా వచ్చింది. విండోస్ పోయింది. దాంతోపాటు నాన్న శతకం టైపు చేసుకునే తెలుగు సాఫ్ట్‌వేర్ పోయింది.

ఫైల్ పోలేదు. నాన్న దాన్ని ఫ్లాపీలో ఎక్కించి, పైన ఎర్ర ఇంకుతో తేదీ వేసి, బీరువాలో పెట్టుకునేవారు. పొద్దున్నే వణుకుతూ చెప్తే "పోతే పోయిందిలేరా, ఫ్లాపీ ఉంది, కాగితం ఉంది" అన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేయిద్దామనుకున్నాను, వేయించలేదు. అప్పటికి ఆయనకి కళ్ళు కనిపించడం తగ్గింది. 2016లో పోయారు.

2018లో ఇల్లు ఖాళీ చేస్తుంటే కాగితాల కట్టకి చెదలు పట్టి ఉంది. నూట ఎనిమిది పద్యాల్లో అరవై దాకా చదవగలిగేలా ఉన్నాయి. ఫ్లాపీ కోసం యూఎస్‌బీ డ్రైవ్ తెప్పించాను. కిర్రు కిర్రుమని నాలుగు నిమిషాలు ఏడ్చి, మొత్తానికి ఫైల్ ఇచ్చింది. తెరిస్తే తెలుగు లేదు. పౌండు గుర్తులు, డిగ్రీ గుర్తులు, నెత్తిన కొమ్ములున్న యూరప్ అక్షరాలు.

ఎందుకంటే అప్పటి తెలుగు సాఫ్ట్‌వేర్లు చాలావరకు తెలుగుని తెలుగుగా భద్రపరిచేవి కావు. ఇంగ్లిష్, యూరప్ అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టేవి. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో దీర్ఘం, ఇంకో గదిలో ఒత్తు. ఫైల్‌లో ఉండేది గది నంబరే, ఫాంటు ఉంటేనే అది తెలుగులా కనిపిస్తుంది. పైగా ఒక్కో కంపెనీ ముక్కలని ఒక్కోలా సర్దింది. మాకు సాఫ్ట్‌వేర్ వేసిచ్చిన డీటీపీ (కంప్యూటర్ టైపింగ్) షాపు ఆయన ఇప్పుడు ఫ్లెక్సీలు వేస్తున్నారు. "అదా? ఎప్పుడో పోయిందండీ" అన్నారు. దొరికిన పాత ఫాంట్లన్నీ వేసి చూశాను, ఏదీ కలవలేదు.

అప్పుడు మొదలుపెట్టాను. చెదలు తినని కాగితం ఒక పక్క, ఫైల్‌లో అదే పద్యం ఇంకో పక్క. ఏ గుర్తు ఏ ముక్కో పట్టిక రాసుకుంటూ, పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్‌తో యూనికోడ్‌లోకి (ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరిచ్చే ఇప్పటి పద్ధతి) మార్చడం. రోజూ రాత్రి భోజనాలయ్యాక గంట. మొదటి వారం వచ్చినదాంట్లో "మంచి మాట" కాస్తా "వుంచి వూట" అయింది. ఆ ఫాంటులో మకారానికి విడిగా బొమ్మ లేదు. వకారం బొమ్మకి కొమ్ము తగిలించి మ చేశారు. చూసేవాడి కంటికి మ, ప్రోగ్రామ్‌కి వు. పాత ఫైళ్ళ నుంచి మార్చిన పేజీల్లో ఈ "వుంచి" మీరూ చూసే ఉంటారు. ఏది నిజమైన వు, ఏది మ అన్నది కొన్ని చోట్ల నేనే చదివి తేల్చాల్సి వచ్చింది. ఇంకోటి క్రావడి. బొమ్మ ఎడమ పక్క నుంచి వస్తుంది కాబట్టి ఫైల్‌లో హల్లు కంటే ముందే కూర్చుని ఉంది. యూనికోడ్‌లో హల్లు తర్వాత రావాలి. దాంతో "క్రమము" అనే ఒక్క మాటలోనే రెండు రోగాలు.

ఆ రోజుల్లోనే ఐఫోన్లలో "జ్ఞా" గొడవ వచ్చింది, గుర్తుందా? 2018 ఫిబ్రవరిలో, లోపల కనిపించని ఒక గుర్తు కలిసిన "జ్ఞా" మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ కూలిపోయేది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ విడుదల చేసి సరిచేసింది. అంత పెద్ద కంపెనీనే ఒక్క తెలుగు అక్షరం పడేసిందని ఆఫీసులో అందరికీ చెప్పి నవ్వుకున్నాను. ఇంటికొచ్చి నా పట్టిక ముందు కూర్చుంటే నవ్వు రాలేదు.

అందుకని మీకు చెప్పేది. మీ ల్యాప్‌టాప్‌లో పాత డీటీపీ ఫాంటుతో కొట్టిన పెళ్ళి పత్రికలు, మీ పెద్దవాళ్ళ రాతలు, స్కూలు ప్రశ్నపత్రాలు, ఏవైనా ఉన్నాయేమో ఒకసారి వెతకండి. ఆ ఫాంటు ఇంకా పనిచేస్తున్నది బహుశా ఆ ఒక్క మెషీన్‌లోనే. ఇవాళ అక్కడే తెరిచి, పీడీఎఫ్‌గా ప్రింట్ కొట్టుకోండి. మామూలుగా పీడీఎఫ్‌లో ఫాంటు కూడా కలిసిపోతుంది, ఇంకే కంప్యూటర్లో తెరిచినా తెలుగులానే కనిపిస్తుంది. తెరిచి చూసుకుని మరీ నిర్ధారించుకోండి. అసలు ఫైల్, ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ తీసి పెట్టుకోండి. ఎలాగూ ఎస్ఎస్‌డీ వేస్తున్నారు కాబట్టి ఇంకా సులువు: పాత డిస్క్‌ని తుడిచేయకుండా ఒక కవర్లో పెట్టి, పైన తేదీ రాసి బీరువాలో పడేయండి. ఎర్ర ఇంకు అయితే మరీ మంచిది.

నా పని ఆరు నెలలు పట్టింది. నూట ఎనిమిదీ వచ్చాయి. చివర్లో ఒక గుర్తు మిగిలిపోయింది. మాటల మధ్యలో ఎక్కడ పడితే అక్కడ ఉంది, తీసేసినా మాట చదవడానికి ఏమీ తేడా రావడం లేదు. ఫ్లాపీ చెడిపోయి వచ్చిన చెత్త అనుకుని ప్రోగ్రామ్‌తో అన్నీ తుడిపించేశాను. కాగితం మీద ఆ చోట్ల ఏవో చుక్కల్లాంటివి ఉన్నాయి, చెదల మరకలేమో అనుకున్నాను. ప్రింట్ తీసి అక్కకి ఇచ్చాను. అక్క నాలుగు పద్యాలు చదివి, కళ్ళజోడు తీసి, "అరసున్నలన్నీ ఏవిరా? అరసున్న లేకుండా నాన్న పద్యం రాస్తారా?" అంది.

యూనికోడ్‌లో అరసున్నకి చోటుంది, సరిగ్గా నిండుసున్నకి ముందు గది. పట్టికలో ఆ వరుస చేర్చి, ప్రోగ్రామ్ మళ్ళీ మొదటి పద్యం నుంచి నడిపాను.