తాకోయాకి శాకాహారమేనా?

ప్రశ్న: హన్మకొండలో ఈమధ్య తెరిచిన ఒక చిన్న జపనీస్ హోటల్‌కు మా అమ్మాయి మమ్మల్ని తీసుకువెళ్లింది. మా అత్తమ్మ నీసు ముట్టరు కాబట్టి లోపల పుట్టగొడుగు ముక్కలు పెట్టే 'వెజ్ తాకోయాకి' తెప్పించాము. పైన చల్లిన పల్చటి పొరలు వాటంతట అవే కదులుతుంటే చూసి ఆమె పళ్లెం పక్కకు జరిపేశారు. అవేమిటి? వాటిని తీసేసి తినవచ్చునా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ అత్తమ్మగారు తినకపోవడమే మంచిదైంది, ఎందుకంటే అవి చేప పొరలు. ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెట్టి, చిత్రిక పట్టి తీసే ఈ పొరలను కత్సువోబుషి అంటారు. అవి ఎంత పల్చనివంటే, కింది నుంచి వచ్చే ఆవిరి తగలగానే ముడుచుకుంటూ విచ్చుకుంటూ కదులుతాయి.

వాటిని తీసేసినంత మాత్రాన వంటకం శాకాహారం కాదు. 1930లలో ఒసాకా నగరంలో పుట్టిన తాకోయాకిని మన గుంత పొంగనాల మాదిరిగానే గుంతల పెనంపై తిప్పుతూ కాలుస్తారు; లోపల ఆక్టోపస్ ముక్క ఉంటుంది. ఆ ముక్కకు బదులు పుట్టగొడుగు పెట్టినా, గోధుమ పిండిని కలిపేది మాత్రం సాధారణంగా కోడిగుడ్డుతోనూ, ఈ చేప పొరలనే మరిగించి తీసిన 'దాషి' అనే రసంతోనూ. క్యాబేజీతో అట్టులా వేసే ఒకోనోమియాకికీ ఇదే వర్తిస్తుంది. లోపలి ముక్కను మాత్రమే మార్చి పట్టికలో 'వెజ్' అని రాయడం, ఆ మాటను నమ్మి వచ్చే పెద్దవారికి అన్యాయం చేయడమే.

అందువల్ల తెప్పించే ముందే పిండిలో, సాస్‌లో, మయోనైజ్‌లో ఏమి కలిపారో, అదే పెనంపై ఆక్టోపస్ కూడా కాలుస్తారో లేదో అడగండి. చేప లేకుండా రుచి రాదన్న సమాధానాన్ని ఒప్పుకోనవసరం లేదు. జపాన్ బౌద్ధ ఆశ్రమాల వంటలో కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షీటాకే పుట్టగొడుగులు నానబెట్టిన నీటితోనే దాషి తయారు చేస్తారు. అయితే చాలాచోట్ల పిండిని ముందే కలిపి ఉంచుతారు కనుక, అప్పటికప్పుడు అడిగితే మార్చడం కుదరకపోవచ్చు.

అలాంటప్పుడు అక్కడ దొరికితే, బియ్యప్పిండి ఉండలను పుల్లకు గుచ్చి, సోయా సాస్, చక్కెర కలిపిన పాకం పూసే మితారాషి దాంగో అడగండి. జపాన్ జాతరల్లో సోయా సాస్ రాసి కాల్చి అమ్మే మక్క కంకి కూడా ఆమెకు నచ్చవచ్చు.