మొనాకో చూడడానికి విడిగా వీసా తీసుకోవాలా?

అవసరం లేదు, చెల్లుబాటులో ఉన్న షెంజెన్ వీసా (ఫ్రాన్స్ సహా పలు ఐరోపా దేశాలున్న షెంజెన్ ప్రాంతమంతటికీ కలిపి ఇచ్చే ఒకే వీసా)తోనే భారతీయులు మొనాకోకు వెళ్ళవచ్చు. సుమారు 2 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఈ తీర రాజ్యం స్వతంత్ర దేశమే, ఐరోపా సమాఖ్యలో సభ్యదేశం కూడా కాదు. అయినా సముద్రం వైపు తప్ప చుట్టూ ఫ్రాన్స్ ఉండడం వల్ల, ఆ దేశంతో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఫ్రాన్స్ ప్రవేశ నిబంధనలే ఇక్కడా వర్తిస్తాయి, రెండింటి మధ్య సరిహద్దు తనిఖీలు సాధారణంగా ఉండవు.

ఉదాహరణకు, అనంతపురం నుంచి ఒక కుటుంబం బెంగళూరులో విమానమెక్కి వెళ్తే, షెంజెన్ ప్రాంతంలో మొదట దిగిన విమానాశ్రయంలోనే పాస్‌పోర్టు తనిఖీ పూర్తవుతుంది. మొనాకోకు సొంత విమానాశ్రయం లేదు కనుక ఫ్రాన్స్‌లోని నీస్‌లో దిగి, అక్కడి నుంచి రైలులో సుమారు అరగంటలో చేరుకోవచ్చు. మొనాకోలో హోటల్ గదుల అద్దె చాలా ఎక్కువ. నీస్‌లో బస చేసి పగటిపూట చూసి రావడమే మన మధ్యతరగతి కుటుంబాలకు మేలు.

మొనాకో వేరే దేశం కాబట్టి అక్కడికి వెళ్తే ఒకేసారి ప్రవేశానికి ఇచ్చిన వీసా ముగిసిపోతుందని చాలామంది భయపడతారు. అది అపోహ. ఫ్రాన్స్ నుంచి మొనాకోకు వెళ్ళి రావడాన్ని షెంజెన్ ప్రాంతం విడిచి వెళ్ళినట్టు లెక్కించరు.